అనంతపురం ఎండల్లో బాల్ పైథాన్ బతుకుతుందా? పాముకు మొక్కే ఇంట్లో పామును పెంచొచ్చా?

తిమ్మమ్మ మర్రి నీడ:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా తమ్ముడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. బెంగళూరులో అమ్మకానికి ఉన్న బాల్ పైథాన్ (విషం లేని విదేశీ చిన్న కొండచిలువ) పిల్లను తెచ్చుకుంటానని పట్టు పట్టినాడు. మా అమ్మ నాగుల చవితికి ఉపవాసముండి పుట్టలో పాలు పోస్తుంది, పెరట్లో జెర్రిపోతు కనబడితే మాత్రం వీధంతా వినబడేట్టు అరుస్తుంది. "దేవుణ్ని గాజుపెట్టెలో పెట్టి ఎలుకలు మేపుతారా" అని ఆమె బాధ. నాన్నకు భయమొక్కటే. తమ్ముని స్నేహితుడేమో "అంత డబ్బు పెట్టి విదేశీ పాము ఎందుకు, చేలల్లో దొరికే రెండు తలల పామును పట్టుకొచ్చి పెంచుకో, అది కరవదు" అంటున్నాడు.

చట్టం ఏమంటుంది? మే నెల ఎండకు, కరెంటు కోతలకు అది తట్టుకుంటుందా? తిండి ఎట్లా? తెలిసినవాళ్లు చెప్పండి. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కూడా రాయండి, తమ్మునికి చూపిస్తాను.

కొండారెడ్డి బురుజు:

చెల్లీ, ముందు ఆ స్నేహితుని మాట పక్కన పెట్టండి. మన దేశంలో సహజంగా ఉండే ఏ పామునైనా పట్టుకుని ఇంట్లో ఉంచుకోవడం నేరమే. విషం ఉందా లేదా, కరుస్తుందా కరవదా అన్నదానితో పని లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో "వేట" అన్న మాటకు చంపడం ఒక్కటే అర్థం కాదు. పట్టుకోవడం, వల వేయడం, బోనులో పెట్టడం అన్నీ అందులోకే వస్తాయి. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి కొండచిలువతో పాటు నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు కూడా మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. ఆ షెడ్యూలు జీవి విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా.

రెండు తలల పాముకైతే ఇంకో ప్రమాదం ఉంది. దాని తోక మొద్దుగా, తలలాగే ఉంటుంది కాబట్టి ఆ పేరు. అదృష్టమనీ, గుప్తనిధులు చూపిస్తుందనీ, లక్షలు కోట్లు పలుకుతుందనీ చెప్పి మోసం చేసే ముఠాలు మన జిల్లాల్లో తిరుగుతుంటాయి. అట్లాంటి పాము మీ ఇంట్లో ఉందని తెలిస్తే "ముచ్చటపడి పెంచుకుంటున్నాం" అంటే ఎవరూ నమ్మరు, అమ్మకానికి పెట్టినారనే కేసు రాస్తారు.

బాల్ పైథాన్ సంగతి వేరు. అది ఆఫ్రికా పాము. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది కాబట్టి మన చట్టంలో నాలుగో షెడ్యూలు కిందికి వస్తుంది. పెంచుకోవడాన్ని నిషేధించలేదు, కానీ మీ దగ్గర ఉందని ప్రభుత్వానికి చెప్పి నమోదు చేయించుకోవాలి. దానికోసం 2024 ఫిబ్రవరిలో కేంద్రం విడిగా నియమాలు తెచ్చింది. దరఖాస్తు పరివేశ్ 2.0 పోర్టల్‌లో వేయాలి. పరిశీలించేది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయం. అప్పటికే పెంచుతున్నవాళ్లకు ఇచ్చిన ఆరు నెలల గడువు 2024 ఆగస్టుతో అయిపోయింది. ఇప్పుడు కొనేవాళ్లు చేతికొచ్చిన 30 రోజుల్లోపే దరఖాస్తు చేయాలి.

అమ్మే మనిషి "బిల్లు ఇస్తాను, చాలు" అంటే ఒప్పుకోవద్దండి. ఆ పిల్ల తల్లిదండ్రుల నమోదు పత్రం ఉందా, తన పేరు మీది నుంచి మీ పేరు మీదికి మార్పు నమోదు చేసి ఇస్తాడా అని అడగండి. నీళ్లు నమిలితే ఆ పిల్ల దొంగదారిన వచ్చిందనే అనుకోవాలి. "ఇది అల్బినో (పుట్టుకతో ఒంటిరంగు లేనిది), చట్టం వర్తించదు" అని బర్మీస్ పైథాన్‌ను అంటగట్టేవాళ్లూ ఉంటారు. అది మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉండే జాతి. ఒంటిరంగు మారితే చట్టం మారదు.

పెన్నేటి ఇసుక:

కాగితాల సంగతి పై అన్న చెప్పినాడు కాబట్టి పెంపకం గురించి రాస్తాను.

మన ఎండల్లో బతుకుతుంది. కాకపోతే నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాల వాళ్లకు రాసినవి. వాళ్ల తంటా అంతా పామును వెచ్చగా ఉంచడం కోసం. మనకు ఏడాదిలో నాలుగు నెలలు దాన్ని చల్లగా ఉంచడం, ఎనిమిది నెలలు తేమ ఆరిపోకుండా చూడడం కష్టం.

ఈ పాము ఘనా, టోగో, బెనిన్ వైపు గడ్డిభూములది. అక్కడా ఎండ మండుతుంది. పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని చీకటి పడినాక బయటికొస్తుంది. బయట ఎంత కాగినా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. మీరు ఇంట్లో కట్టాల్సింది ఆ పుట్టనే అని మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ సులభంగా అర్థమవుతాయి.

అంకెలు ఇవి. పెట్టెలో ఒక కొస 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొస 25 నుంచి 27. తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే రోజుల్లో 70 దాకా. రెండు కొసలకూ తేడా ఉండాల్సిందే, ఎందుకంటే పాము తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు. అటూ ఇటూ జరిగి సరిచూసుకుంటుంది. పెట్టె అంతా 35 దాటి గంటల తరబడి ఉంటే పారిపోయే చోటు లేక చచ్చిపోతుంది.

పెద్దయినాక నాలుగైదు అడుగులు పెరుగుతుంది. దానికి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు పెట్టె కావాలి. లోపల లామినేట్ వేసిన ప్లైవుడ్ మంచిది. ముందువైపు జరిపే గాజు తలుపులు, వాటికి షోకేసులకు వేసే తాళం తప్పనిసరి. పిల్లపాము మీ చిటికెనవేలు దూరే సందులోంచి బయటపడుతుంది, గాజును ముట్టెతో తోసి జరుపుతుంది కూడా. తప్పించుకుంటే పక్కింటివాళ్లు దాన్ని రక్తపింజర అనుకుని కొట్టి చంపుతారు. పైన జాలీ వేసిన చేపల తొట్టి మన ఊళ్లకు పనికిరాదు, మార్చిలోనే తేమ అంతా పైకి పోతుంది. గాలికి పక్క చెక్కలకు రెండు వరసల చిన్న రంధ్రాలు చాలు.

అడుగున మూడు అంగుళాలు కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు. ఇటుకలాగా అమ్ముతారు, నానబెట్టి గట్టిగా పిండి పరచండి. పిడికిట్లో నొక్కితే నీటి చుక్క రాకూడదు. వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టు వద్దు, ఏ కట్టెదో తెలియదు, జిగురూ వాసనా ఊపిరితిత్తులకు పడవు. దాక్కోవడానికి రెండు కొసల్లో రెండు మట్టికుండలు బోర్లించి మూతి పక్కన వాకిలి కొట్టి, అంచు నున్నగా రుద్దండి. కుండ దాని ఒంటికి బిగువుగా ఉండాలి, విశాలంగా ఉంటే భద్రంగా అనిపించదు. ఒక్క కుండే పెడితే సరైన వేడి కోసం బయటికి రావాలో, భయం లేకుండా దాక్కోవాలో తేల్చుకోలేక దాక్కోవడమే ఎంచుకుంటుంది, అరగక కక్కుకుంటుంది. చల్లని కొసలో కడప బండ ముక్క ఒకటి పరచండి.

చలికాలం రాత్రుళ్లు 15 డిగ్రీల దాకా పడిపోతాయి కాబట్టి కరెంటుతో వెచ్చబడే పరుపులాంటి హీట్ మ్యాట్ అవసరమే. పెట్టె పొడవులో మూడో వంతు కింద, పెట్టెకు బయటివైపు. వేడిని కొలిచి అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్ పెట్టవద్దు. ఊరికే వదిలితే మ్యాట్ 45 డిగ్రీలు దాటిపోతుంది, పాము కడుపు కాలుతున్నా లేచి పోదు. థర్మోస్టాట్ ఉన్నా కాలే సందర్భం ఒకటుంది: కొలిచే తీగను పాము కదిలించి చల్లని కొసకు లాగితే, యంత్రం చలి అనుకుని మ్యాట్‌ను పూర్తిగా మండిస్తుంది. అందుకే ఆ తీగను మ్యాట్‌కూ పెట్టె అడుగుకూ మధ్య, బయటివైపే అల్యూమినియం టేపుతో అంటించాలి. పెట్టె లోపల ఏ టేపూ వాడకూడదు, పొలుసులకు అంటుకుంటే చర్మంతో సహా ఊడుతుంది.

ఎండాకాలానికి గది ముఖ్యం. మిద్దె మీది గది అసలే వద్దు, స్లాబు నడిరాత్రి దాకా సెగ కక్కుతుంది. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది, వీలైతే బండల నేల. గది 30 దాటితే మ్యాట్ తీసేయండి. మన ఎండ పొడి ఎండ కాబట్టి నీళ్ల కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చల్లదనం, తేమ రెండూ ఇస్తుంది. గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టకుండా గోడకు తిప్పండి. ఏసీ అయితే తేమను పీల్చేస్తుంది, రోజూ కోకోపీట్‌ను ఒక మూల తడపాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన రెండు లీటర్ల సీసాలు రెండు, గుడ్డ చుట్టి పెట్టె పైన చల్లని కొసలో పెట్టండి, లోపల కాదు. కిటికీకి తడి గోనెపట్టా. ఇట్లా మూడు నాలుగు గంటలు లాగొచ్చు.

ఏది తప్పుతోందో పామే చూపిస్తుంది. కుబుసం ఒకే తొడుగులా రాకుండా ముక్కలు ముక్కలుగా వస్తే తేమ చాలలేదు. కంటి మీది పొర మిగిలిపోతే గోరుతో పీకవద్దు, కన్ను పోతుంది. తేమ పెంచితే తర్వాతి కుబుసంతో వస్తుంది. కడుపు పొలుసులు గోధుమరంగుకు తిరిగి బొబ్బలొస్తే తడి ఎక్కువైంది. రోజుల తరబడి నీళ్ల గిన్నెలోనే పడుకుంటే వేడి ఎక్కువైందన్నా కావాలి, పొలుసుల సందుల్లో నల్లటి చిన్న పురుగులు పట్టినాయన్నా కావాలి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం ఊపిరితిత్తుల జబ్బు, దానికి ఇంటి వైద్యం లేదు. పాముల వైద్యం చేసే పశువైద్యులు మన జిల్లాల్లో దొరకడం కష్టం, బెంగళూరు పోవాలి, అంటే 200 కిలోమీటర్ల పైనే. ఆ ఖర్చు, ఆ ప్రయాణం ముందే లెక్కలో వేసుకోండి.

"స్పైడర్" అనే రంగు రకం ఉంటుంది, చూడడానికి చాలా అందంగా ఉంటుంది. కొనవద్దు. ఆ రంగు తెచ్చే జన్యువే నరాల లోపాన్నీ తెస్తుంది, తల ఊగుతూ ఉంటుంది, ఎలుక మీద గురి తప్పుతుంది. ఆ లోపం లేని స్పైడర్ ఉండదు.

గండికోట లోయ:

పై ఆయన రాసినది అక్షరాలా నిజం. అది చదివినాక కూడా నేను వద్దనే అంటాను. వద్దనేవాళ్లు కారణం రాయమన్నారు కాబట్టి రాస్తున్నా.

పాము మనిషిని గుర్తుపట్టి దగ్గరికి రాదు. మీ వాసనకు, మీ చేతికి అలవాటుపడి భయం తగ్గించుకుంటుంది, అంతవరకే. చేతిలో ఉండలా చుట్టుకుని తల లోపలికి దాచుకుంటే అది ముద్దు కాదు, బెదురు. కుక్కపిల్ల ఇచ్చేది దాని నుంచి ఆశించే పిల్లవాడు ఆరు నెలల్లో విసిగిపోతాడు. కదలకుండా పడుకున్న దాన్నే గంటసేపు ఇష్టంగా చూడగలిగేవాడికే అది తగినది. మీ తమ్ముడు ఏ రకమో మీకే తెలుస్తుంది.

రెండోది ఆయుష్షు. ఇంట్లో 20, 30 ఏళ్లు మామూలు. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిన బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. తమ్ముడు రెండేళ్లలో ఉద్యోగానికి పోతాడు. అద్దె గదికి పామును రానిస్తారా? రానివ్వకపోతే దాని ఎలుకలు, దాని నీళ్లు మీ అమ్మ చేతికి వస్తాయి. పెంచలేక పెన్న ఒడ్డునో నల్లమలలోనో వదిలేయాలనే ఆలోచన అప్పుడే పుడుతుంది. అది చేయకూడని పని. దానికి తిండి దొరకదు, దాని పురుగులు, జబ్బులు ఇక్కడి పాములకు అంటుకుంటాయి.

మీ అమ్మగారి మాటను మూఢనమ్మకం అని తమ్ముణ్ని కొట్టిపారేయనివ్వకండి. లేపాక్షిలో ఏడు పడగల నాగయ్య లింగాన్ని కాపు కాస్తున్నాడు, రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ లేని ఊరు మన సీమలో అరుదు, సుబ్బరాయుడు, నాగమ్మ అనే పేర్లు లేని వంశం లేదు. పామును మన ఇష్టానికి వాడుకునే వస్తువుగా చూడకూడదన్న మాట ఆ మొక్కులోనే ఉంది. అదే సమయంలో అమ్మగారికీ ఒక మాట చెప్పండి. పాము పాలు తాగే జీవి కాదు, పాలను అరిగించుకోలేదు. పాములవాళ్లు రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెడితే దాహానికి పాలు మింగేది, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోయేది. పాలు, పసుపు రాతి నాగులకు పోసి, పుట్ట దగ్గర దండం పెట్టుకుని వస్తే మొక్కుకు లోటు రాదు.

తమ్మునికి పాముల మీద నిజంగా ఇష్టముంటే పాములు పట్టడంలో శిక్షణ ఉండి, అటవీశాఖ అనుమతితో పనిచేసేవాళ్ల దగ్గర కొన్నాళ్లు చూసి నేర్చుకోమనండి. తాకకుండా, చూడడమే.

శెనక్కాయ చేను:

పెంపకం గురించి నాకు రెండు వైపులా అభిప్రాయం లేదు. కానీ ఒక ప్రమాదం ఎవరూ రాయలేదు. ఇంట్లో పైథాన్‌ను చేతిలో పెట్టుకుని తిరిగిన పిల్లలకు బయట కనబడే పాము మీద భయం పోతుంది. రక్తపింజర పిల్లను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తడం కొత్త సంగతి కాదు. రక్తపింజరకు వీపు మీద గొలుసులాగా మూడు వరసల గుండ్రటి మచ్చలు, కుక్కర్ విజిల్‌లాంటి బుస. కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇది దూరంగా ఉండి తెలుసుకోవడానికి మాత్రమే, పట్టుకుని పోల్చుకోవడానికి కాదు.

మన రాళ్ల నేలల్లో ఎక్కువగా కనబడేది చిన్న పింజర. జానెడు, మూరెడే ఉంటుంది, రాళ్ల కింద పడుకుంటుంది, బెదిరితే ఒళ్లు మెలికలు తిప్పి పొలుసులు రుద్ది గరగరమనే చప్పుడు చేస్తుంది. పేర్చిన కడప బండల సందులు, శెనక్కాయ కట్టె వామి, డ్రిప్పు పైపుల చుట్టలు దానికి ఇష్టమైన చోట్లు. వామిని చేత్తో లాగవద్దు, ముందు కట్టెతో కదపండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా తెలియదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడంతో బయటపడుతుంది. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర దానికి మంచి కాపు.

కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, పసరు, మంత్రం వద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, కరిచిన కాలునో చేతినో బద్ద కట్టి కదలకుండా ఉంచి 108కు చెప్పండి. విరుగుడు సూది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ అదే మందు, కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని పోవాల్సిన పని లేదు. పింజర కాటని అనుమానముంటే ఆసుపత్రిలో రక్తం గాజుగొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు; గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

తిమ్మమ్మ మర్రి నీడ:

అందరికీ దండాలు. తమ్ముడు మొత్తం చదివినాడు, రెండు తలల పాము మాట వదిలేసినాడు. తిండి గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మ వంటింటి ఫ్రిజ్‌లో ఎలుకలు పెట్టనివ్వదు. కోడిమాంసం ముక్కలు పెడితే సరిపోతుందా?

పెన్నేటి ఇసుక:

సరిపోదు అక్కా. పాముకు జంతువు మొత్తం కావాలి, ఎముకలోని కాల్షియం, కాలేయంలోని విటమిన్లతో సహా. ఉత్త మాంసం తింటే ఎముకలు మెత్తబడతాయి. ఇంట్లో దొరికిన ఎలుకా వద్దు, ఎలుకల మందు తిని ఉండొచ్చు, పేలూ పురుగులూ ఉంటాయి. పెంపకంలో పుట్టి గడ్డకట్టించి అమ్మే ఎలుకలే వాడాలి. బతికున్నది వేసినా ప్రమాదమే, ఆకలి లేని పామును ఎలుక కొరికి పుండ్లు చేస్తుంది.

పాము ఒళ్లు లావుగా ఉన్నచోట ఎంత ఉందో ఎలుక అంతే లావుండాలి. పిల్లకు వారానికి ఒకటి, పెద్దదానికి రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, కవరులో కట్టి వేడినీళ్లలో అరగంట ఉంచండి. 38 డిగ్రీల వెచ్చదనం రావాలి, అది పెదవి గుంటలతో వేడిని పసిగట్టి కాటేస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే లోపల ఉడికి పగులుతుంది. పొడవాటి పట్టకారుతో ఇవ్వండి. తినకపోతే పారేయండి, మళ్లీ గడ్డకట్టించవద్దు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. చలికాలంలో రెండు మూడు నెలలు తినకపోయినా కంగారొద్దు, ఈ జాతి అలవాటే అది. వంటగదిలో వాడే చిన్న డిజిటల్ తక్కెడతో వారానికోసారి తూయండి, ఆ తక్కెడ దానికే కేటాయించి. బరువు పదో వంతు తగ్గితే వైద్యుని దగ్గరికి.

అమ్మ చెప్పినది సరైనదే, వంటింటి ఫ్రిజ్ వద్దు. దాని గిన్నెలు వంటింటి తొట్టిలో కడగవద్దు. పాము ఒంటి మీద సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు, ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. సెకండ్‌హ్యాండ్‌లో చిన్న ఫ్రిజ్ ఒకటి తమ్ముని గదిలోనే పెట్టుకోమనండి, మంచు సీసాలకూ అదే పనికొస్తుంది.

ఒక పని చేయమనండి. పామును కొనకుండా ముందు పెట్టె కట్టి, కుండలు, కోకోపీట్, నీళ్ల గిన్నె అన్నీ పెట్టి, ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు దాకా ఖాళీగా నడపమనండి. రెండు కొసల్లో రెండు థర్మామీటర్లు, ఒక తేమమీటరు. పొద్దున 6కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 10కి నోటుబుక్కులో రాయాలి, కరెంటు పోయిన రోజులు విడిగా గుర్తు పెట్టాలి. చల్లని కొస ఒక్కరోజు కూడా 32 దాటకుండా, తేమ 50కి తగ్గకుండా నిలబెట్టగలిగితే జూన్‌లో అంకెలు ఇక్కడ పెట్టమనండి, అప్పుడు పిల్లను ఎట్లా చూసి ఎంచుకోవాలో రాస్తాను.